తిరుగుదారి: కెర్నెలు నిర్మాణ బోధనపై ఒక విమర్శ

నౌపడ జంక్షనులో దిగినవారికి రెండు దారులు కనబడును. ఒకటి హౌరా–చెన్నై ప్రధాన మార్గము. రెండవది అచ్చట చీలి, టెక్కలి, పాతపట్నము, పర్లాకిమిడి మీదుగా గుణుపురము పోవు శాఖ. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఈ శాఖ 1900లో పర్లాకిమిడి వరకును, 1931 నాటికి గుణుపురము వరకును సాగినది. పట్టాల నడుమ దూరము 2 అడుగుల 6 అంగుళములు మాత్రమే. ఆ చిన్న దారిని 5 అడుగుల 6 అంగుళముల పెద్ద దారిగా మార్చుటకై 2004లో రైళ్లను నిలిపివేసిరి. పెద్ద దారి మీద పర్లాకిమిడికి 2010లోను, గుణుపురమునకు 2011లోను మరల రైలు నడచినది.

నడిమి యేండ్లలో ప్రయాణికులు బస్సులను నమ్ముకొనవలసి వచ్చినది. అందుకు ఇంజనీర్లను తప్పు పట్టరాదు. పాత దారిని నడుపుచునే దాని ప్రక్కన మరియొక దారి వేయవలెనన్నచో భూమి కావలెను, వంతెనలు కావలెను, ధనము కావలెను. కాబట్టి పాతదానిని తీసి కొత్తదానిని వేయుదురు. తీసిన తరువాత, కొత్తది సిద్ధమగు వరకు వెనుకకు పోవుటకు దారి యుండదు.

కంప్యూటరులో ఇట్టి నిర్బంధము లేదు. పాత పట్టాలను కొత్త పట్టాల ప్రక్కనే ఉంచుటకు కొన్ని వందల మెగాబైట్ల స్థలము చాలును. అయినను, ఆపరేటింగ్ సిస్టములోని కెర్నెలును తిరిగి కంపైలు చేయ నేర్చుకొను విద్యార్థులు తరచుగా పాత పట్టాలను పెరికివేసి కొత్తవి వేయుచున్నారు. కొత్తది నడవనప్పుడు దిక్కు తోచక నిలిచిపోవుచున్నారు. ఇందులో పుస్తకముల దోషమెంత, బోధకులమైన మన దోషమెంత అను విషయమును ఇక్కడ విచారింపదలచితిని. విమర్శకు ప్రధానముగా గైకొన్నది లైనక్సు కెర్నెలు మూలపాఠముతో పాటు లభించు 'రీడ్‌మీ' అను మార్గదర్శక పత్రము. ఈ విషయమును బోధించు పుస్తకములు, పాఠములు మూలపాఠమును గూర్చి చెప్పునప్పుడు చూడదగిన ఆకరము అదియే.

కెర్నెలు అనగా నేమి?

నౌపడకు సమీపముననున్న పలాస జీడిపప్పునకు పేరుపొందినది. జీడిపిక్కను పగులగొట్టినచో పైన పెంకు, లోపల పప్పు కనబడును. ఆంగ్లేయులు ఆ పెంకును 'షెల్లు' అనియు, పప్పును 'కెర్నెలు' అనియు అందురు. ఆపరేటింగ్ సిస్టములను నిర్మించినవారు ఈ రెండు మాటలనే వాడుకొనిరి. మన ఆజ్ఞలను అందుకొను పైపొర షెల్లు. మెమరీని, డిస్కును, కీబోర్డును, తెరను కార్యక్రమములకు పంచియిచ్చుచు అన్నిటికిని ఆధారమై యుండునది కెర్నెలు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన కెర్నెలు పేరే లైనక్సు. దాని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, కంపైలు చేసి తమ యంత్రములో నిలుపుకొనవచ్చును. విద్యార్థికి ఇంతకంటె గొప్ప ప్రయోగశాల లేదు.

అయితే, కెర్నెలు ఒక్క ఫైలు అనుకొనుట పొరపాటు. అది ఒక కుటుంబము. మొదటిది ప్రధానమైన కెర్నెలు ఫైలు. రెండవది మాడ్యూళ్లు, అనగా వైఫై, శబ్దము, కెమెరా మొదలైన పరికరములను నడపుటకు అవసరమైనప్పుడు వచ్చి చేరు భాగములు. ఇవి కెర్నెలు వెర్షను పేరుతోనున్న ఒక ప్రత్యేక డైరెక్టరీలో ఉండును. మూడవది 'ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్' అను ప్రారంభపు మూట. డిస్కును తెరచుటకు కావలసిన మాడ్యూళ్లు డిస్కులోనే ఉన్నచో పెట్టె తాళపుచెవి పెట్టెలోనే పెట్టినట్లగును గదా! ఆ చిక్కును తీర్చుటకు ఈ మూటను కెర్నెలుతో పాటు ముందుగానే మెమరీలోనికి ఎత్తుదురు. నాలుగవది 'కాన్ఫిగ్' ఫైలు. ఏ భాగములు కావలెనని ఎన్నుకొంటిమో అది చెప్పును. అయిదవది ప్రారంభ మెనూలో ఆ కెర్నెలు పేరుగల పంక్తి.

ఈ అయిదును ఒకదానితో ఒకటి సరిపడవలెను. పాత కెర్నెలును కాపాడుట అనగా ఈ కుటుంబమును అంతటిని కాపాడుట.

కంప్యూటరును వెలిగించిన వెంటనే కెర్నెలు తానుగా లేవదు. దానికి ముందు 'గ్రబ్' వంటి ఒక చిన్న కార్యక్రమము నడచును. నౌపడలో పాయింట్లు మార్చి రైలును ప్రధాన మార్గము మీదికో, గుణుపురపు శాఖ మీదికో పంపు ఉద్యోగివలె, గ్రబ్ ఏ కెర్నెలును ఎత్తవలెనో నిర్ణయించును. రెండు కెర్నెళ్లున్నచో రెండు దారులున్నట్లే. ఉబుంటు వంటి డిస్ట్రిబ్యూషనులలో సాధారణముగా పెద్ద వెర్షను సంఖ్యగల కెర్నెలు మొదట నిలుచును. మెనూ తెరమీద కనబడకుండ దాగియుండును. కాబట్టి కొత్త కెర్నెలును నిలిపిన క్షణమునుండి, మనము అడుగకయే, యంత్రము దానినే ఎత్తుటకు ప్రయత్నించును.

కొత్త కెర్నెలు ఎందుకు నడవదు?

కారణములు సామాన్యముగా చిన్నవే. డిస్కునకు సంబంధించిన డ్రైవరును ఎన్నుకొనుట మరచినచో, కెర్నెలు లేచి, మూల ఫైలు వ్యవస్థను చేరలేక, 'ప్యానిక్' అని ప్రకటించి ఆగిపోవును. ప్రారంభపు మూటను తయారుచేయుట మరచినను అంతే. 'లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' అను సులభమార్గమొకటి కలదు. అది ఆ క్షణమున వాడుకలోనున్న మాడ్యూళ్లను మాత్రమే ఎన్నుకొనును. కంపైలు వేగముగా ముగియును గాని, ఆ సమయమున యంత్రమునకు తగిలించియుండని ప్రింటరుకో, పెన్ డ్రైవుకో మాడ్యూలు లేకుండ పోవచ్చును. 'సెక్యూర్ బూట్' పనిచేయుచున్న యంత్రమైనచో, సంతకము లేని కెర్నెలును అది అసలు లేవనీయదు.

ఈ తప్పులలో ఏదియు మన ఫైళ్లను చెరుపదు. డిస్కులోని అక్షరము అక్షరముగానే యుండును. ఈ సంగతి తెలియని విద్యార్థి నల్లని తెరను చూచి భయపడి, యంత్రమును మరమ్మతు దుకాణమునకు కొనిపోవును. అచ్చట సామాన్యముగా లభించు చికిత్స ఫార్మాటు. అప్పుడు నిజముగానే అన్నియు పోవును. మెనూలో పాత పంక్తిని ఎన్నుకొనినచో రెండు నిమిషములలో తీరెడి చిక్కు, ఒక సంవత్సరపు ప్రాజెక్టు నివేదికను మ్రింగివేయును. అంతకంటె పెద్ద నష్టము, ఆ విద్యార్థి మరల అట్టి ప్రయోగము జోలికి పోకుండుట.

రీడ్‌మీ గుణములు, దోషములు

ఇక పత్రమును పరిశీలింతము. రీడ్‌మీ సంక్షిప్తమైనది, నిజాయితీ గలది. మూలపాఠమును విప్పుట, ఎన్నికలు చేయుట, కంపైలు చేయుట, నిలుపుట అను అంశములను క్రమముగా చెప్పును. పనిచేయుచున్న ఒక కెర్నెలును దగ్గర ఉంచుకొనుడని చెప్పును. అంతటితో ఆగక, దాని మాడ్యూళ్లను కూడ భద్రపరచుకొనుడనియు, కొత్తదాని వెర్షను పేరు పాతదానితో సమానమైనచో మాడ్యూళ్ల డైరెక్టరీకి ముందుగా నకలు తీసికొనుడనియు, లేదా 'లోకల్‌వెర్షన్' అను ఎన్నికచేత కొత్తదానికి వేరు తోక తగిలింపుడనియు హెచ్చరించును. ఇది సంపూర్ణమైన సలహా. చాలమంది బోధకులకు ఈ వాక్యములు ఆ పత్రములో ఉన్నట్లే తెలియదు.

ఎందుకు తెలియదు? ఇదియే నా మొదటి ఆక్షేపణ. ఆ హెచ్చరిక కంపైలు చేయు భాగములో, ఆజ్ఞల వెనుక, అనేక విషయములలో ఒకటిగా ఉన్నది. చదువరి కన్ను ఆజ్ఞల మీదనే పరుగెత్తును. మన ప్రయోగశాల రికార్డులను చూడుడు: ఉద్దేశము, పరికరములు, పద్ధతి, పరిశీలనలు, ఫలితము, చిట్టచివర జాగ్రత్తలు. ఆ జాగ్రత్తలను విద్యార్థి ప్రయోగము ముగిసిన తరువాత, ప్రక్కవాని రికార్డు చూచి వ్రాయును! తిరుగుదారిని జాగ్రత్తల పట్టికలో చేర్చినంతకాలము దానికి ఇదే గతి. అది జాగ్రత్త కాదు. పద్ధతిలో మొదటి మెట్టు.

బోధకులము ఈ దోషమును రెట్టింపు చేయుచున్నాము. పత్రములోని నాలుగు ఆజ్ఞలను నల్లబల్లమీద వ్రాసి, నడిమి హెచ్చరికలను వదలివేయుదుము. కొత్త కెర్నెలు పేరు తెరమీద కనబడినచో మార్కులు, కనబడనిచో సున్న. పాతదానికి తిరిగి వచ్చినవానికి ఏ మార్కులును లేవు. అందుచేత తిరిగి వచ్చుట విద్యార్థి దృష్టిలో ఓటమియగుచున్నది.

రెండవ ఆక్షేపణ 'ఓల్డ్' అను పేరుమీద. 'మేక్ ఇన్‌స్టాల్' అను ఆజ్ఞ ఇచ్చినప్పుడు, అదే పేరుగల కెర్నెలు ముందే యున్నచో, దాని పేరుచివర 'ఓల్డ్' అని చేర్చి ప్రక్కకు జరుపుట వాడుక. చూచువారికి ఇది గొప్ప భద్రతవలె తోచును. ఇందులో రెండు గోతులున్నవి.

మొదటి గోయి ఇది. ప్రక్కకు జరిగినది ప్రధాన ఫైలు మాత్రమే. మాడ్యూళ్లను నిలుపు ఆజ్ఞ అదే పేరుగల డైరెక్టరీలోని పాత మాడ్యూళ్లను తొలగించి కొత్తవానిని నింపును. ప్రారంభపు మూట కూడ కొత్తదియే కావచ్చును. అప్పుడు మెనూలో 'ఓల్డ్'ను ఎన్నుకొనినచో, పాత కెర్నెలు కొత్త మాడ్యూళ్లతో లేవవలసి వచ్చును. కెర్నెలునకు ఆత్మరక్షణ కలదు: మాడ్యూలులోని గుర్తులు తన గుర్తులతో సరిపడనిచో దానిని చేర్చుకొనదు. అందుచేత వైఫై రాదు, శబ్దము రాదు. కొన్ని ఎన్నికలలో ఆ పరీక్ష లోతుగా జరుగదు. అప్పుడు సరిపడని మాడ్యూలు లోనికి వచ్చి యంత్రమునే పడగొట్టవచ్చును.

రెండవ గోయి ఇంకను లోతైనది. 'ఓల్డ్' అనగా 'క్రిందటిది' అని మాత్రమే అర్థము. 'మంచిది' అని కాదు. మొదటి ప్రయత్నము విఫలమైనదనుకొందము. మంచి కెర్నెలు 'ఓల్డ్' స్థానములో ఉన్నది. తప్పు దిద్దుకొని అదే పేరుతో రెండవసారి నిలిపినచో, ఆ విఫలమైన కెర్నెలే 'ఓల్డ్' స్థానమును ఆక్రమించును. మంచిది తుడుచుకొని పోవును. రెండవదియు విఫలమైనచో మెనూలోని రెండు పంక్తులును గోడకు తగులు దారులే.

ఇది ఊహ కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట వేసవి సెలవులలో నౌపడలో ఉన్నప్పుడు నా యంత్రములోనే ఇట్లు జరిగినది. నేను స్వయముగా కంపైలు చేసిన కెర్నెలు నెలరోజులు చక్కగా నడచినది. ఆ ధైర్యముతో, 'బూట్' విభాగములో స్థలము చాలలేదని, డిస్ట్రిబ్యూషను ఇచ్చిన అసలు కెర్నెలును తొలగించితిని. తరువాత కొన్ని ఎన్నికలు మార్చి, పేరు మార్చక, మరల కంపైలు చేసితిని. అది ప్యానిక్ అయినది. 'ఓల్డ్' లేచినది గాని వైఫై లేదు. తొందరపడి అక్కడికక్కడే ఎన్నిక దిద్ది మూడవసారి నిలిపితిని. దిద్దినది తప్పు ఎన్నికను. అప్పటికి నాకు మిగిలినవి రెండు కెర్నెళ్లు, రెండును ప్యానిక్. విద్యార్థుల మార్కుల పట్టిక అందులోనే ఉన్నది. కాలేజీ తెరచుటకు రెండు దినములే వ్యవధి. ఎవరి యంత్రమో అడిగి తెచ్చుకొని, ఒక పెన్ డ్రైవును సిద్ధపరచుకొని బయటపడితిని. ఆ రాత్రి నేను నేర్చుకొన్నది ఏ పాఠములోను నేను చెప్పియుండలేదు.

ఈ విషయమున ఫ్రీబీఎస్‌డీ అను మరియొక ఆపరేటింగ్ సిస్టముతో పోల్చి చూచుట ఉపయోగకరము. 2003లో వెలువడిన దాని 5.0 వెర్షను నాటినుండి కెర్నెలును, దాని మాడ్యూళ్లను ఒకే డైరెక్టరీలో ఉంచుచున్నారు. కొత్తది నిలుపునప్పుడు ఆ డైరెక్టరీ మొత్తమునకు 'కెర్నెల్ ఓల్డ్' అని పేరు మార్చుదురు. కాబట్టి పప్పు, దాని పరివారము కలిసియే ప్రక్కకు జరుగును. మొదటి గోయి పూడినది. రెండవ గోయి మాత్రము అక్కడను పూర్తిగా పూడలేదు. 'ఓల్డ్' తరువాతి నిర్మాణమప్పుడు మారిపోవునని, మంచిదని తేలిన కెర్నెలును వేరు పేరుతో భద్రపరచుకొనవలెనని ఆ వ్యవస్థ కరదీపిక కూడ హెచ్చరించును. దీనినిబట్టి తేలునదేమనగా, తిరుగుదారికి తనదైన స్థిరమైన పేరుండవలెను. క్రిందటిది, మొన్నటిది అను సాపేక్షమైన పేర్లు చాలవు.

మూడవ ఆక్షేపణ ముఖ్యమైనది. రీడ్‌మీ కెర్నెలును దాచుకొనుమని చెప్పినది; దాచినది పనిచేయునో లేదో ముందుగా పరీక్షింపుమని నొక్కి చెప్పలేదు. నూతిలో పడిన తరువాత త్రాడు బలమును పరీక్షించుట ఆలస్యము గదా!

పరీక్ష ఎట్లు?

మొదట, కంపైలు చేయుటకు పూర్వమే, కొత్తదానికి 'లోకల్‌వెర్షన్' ద్వారా వేరు తోక పెట్టవలెను. 'నౌపడ1', 'నౌపడ2' అని ఆంగ్లాక్షరములలో ఏ పేరైనను సరే, ప్రతి ప్రయత్నమునకు అంకె పెరుగవలెను. దీనితో మాడ్యూళ్ల డైరెక్టరీ వేరగును, మూట వేరగును, మెనూ పంక్తి వేరగును. ఈ ఒక్క అలవాటు పైన చెప్పిన రెండు గోతులను పూడ్చును.

తరువాత యంత్రమును ఒకసారి ఆపి, మెనూను తెరపైకి రప్పించి, పాత కెర్నెలును చేతితో ఎన్నుకొని లేపవలెను. పాత బయోస్ యంత్రములలో షిఫ్టు మీటను నొక్కియుంచుటచేతను, యూఈఎఫ్ఐ యంత్రములలో ఎస్కేప్ మీటచేతను సామాన్యముగా మెనూ కనబడును. లేచిన తరువాత 'యూనేమ్' ఆజ్ఞచేత ఏ కెర్నెలు నడచుచున్నదో చూచి, వైఫై, శబ్దము పనిచేయుచున్నవో లేవో పరికింపవలెను. ఇది తిరుగుదారి మీద ఒకసారి నడచి వచ్చుట.

మూడవది, కొత్తదానిని ఒక్కసారికే లేపుట. గ్రబ్‌లో 'సేవ్డ్' అను పద్ధతిని పెట్టి, పాత కెర్నెలునే శాశ్వతముగా ఎన్నుకొని, 'గ్రబ్ రీబూట్' ఆజ్ఞచేత కొత్తదానిని తరువాతి ఒక్క ప్రారంభమునకు మాత్రము నియమింపవచ్చును. కొత్తదాని ఆజ్ఞాపంక్తిలో 'ప్యానిక్ = 10' అని చేర్చినచో, ప్యానిక్ అయిన 10 సెకండ్లకు యంత్రము తానే తిరిగి ప్రారంభమగును; ఈసారి పాయింట్లు పాత దారికే ఉండును. ప్యానిక్ కాక ఊరక నిలిచిపోయినచో మీట నొక్కి ఆపి మరల వెలిగించినను పాతదియే లేచును. కొన్ని డిస్కు ఏర్పాట్లలో గ్రబ్ తన గుర్తును చెరుపుకొనలేదు గనుక, ఈ పద్ధతిని మొదట మంచివని తెలిసిన రెండు కెర్నెళ్లమీద పరీక్షించి చూచుట మేలు.

కొత్తది విఫలమైనచో, పాతదానిలో లేచి, ఆ కొత్త పేరుగల ప్రధాన ఫైలును, మూటను, కాన్ఫిగును, 'సిస్టమ్ మ్యాప్' అను ఫైలును, మాడ్యూళ్ల డైరెక్టరీని తొలగించి, మెనూను మరల తయారుచేసినచో పని పూర్తియగును. తొలగించుటకు ముందు 'యూనేమ్' పలికిన పేరును తొలగింపబోవు పేరుతో సరిపోల్చవలెను. తాను కూర్చున్న కొమ్మను నరికికొనుట కథలకే పరిమితము కావలెను.

అన్ని దారులును మూసికొనిపోయినప్పుడు మిగులునది పెన్ డ్రైవు. డిస్ట్రిబ్యూషనును పెన్ డ్రైవునుండియే నడుపుట సాధ్యము. అట్లు లేచి, డిస్కులోని విభాగములను తగిలించి, 'సీహెచ్‌రూట్' అను ఆజ్ఞచేత లోపలికి ప్రవేశించి, డిస్ట్రిబ్యూషను వారి కెర్నెలు పొట్లమును మరల నిలిపినచో యంత్రము యథాస్థితికి వచ్చును. ఆ రాత్రి నన్ను బయటపడవేసినది ఈ పద్ధతియే. అయితే పెన్ డ్రైవును ముందే తయారుచేసి యుంచుకొనవలెను. ఇల్లు కాలుచున్నప్పుడు నుయ్యి త్రవ్వుటకు పూనుకొనుట బుద్ధిమంతుల లక్షణము కాదు.

మార్పు కనబడుచున్నది

లైనక్సు పత్రములను గూర్చి దోషములే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. 2023లో థార్‌స్టెన్ లీమ్‌హ్యూస్ వ్రాసిన మరియొక మార్గదర్శిని కెర్నెలు పత్రములలో చేరినది. తక్కువ భాగములతో కెర్నెలును త్వరగా నిర్మించుకొను విధానమును అది బోధించును. అందులో మొట్టమొదటి మెట్టే, ఉన్నదానికి నకలు తీసికొనుట, బాగుచేసికొను సాధనములను చేతికందునట్లుంచుకొనుట. నిలిపిన కెర్నెలును తరువాత ఎట్లు తొలగింపవలెనో కూడ అది చెప్పును. రీడ్‌మీలో నడిమిని దాగిన మాట ఇక్కడ వాకిటికి వచ్చినది. బోధకులు పాఠమునకు ఆధారముగా ఈ రెండవ పత్రమునే గైకొనుట మంచిది. దానికి నేను చెప్పు లోపమొక్కటే: అది దీర్ఘమైనది, స్వయముగా తడుముకొని నేర్చుకొనువారికై వ్రాయబడినది. ఉన్నత పాఠశాలకు తగినట్లు దానిని కుదించి తెలుగున అందింపవలసిన బాధ్యత మనది.

ఈ భావము పెద్ద పరిశ్రమలకు తెలియనిది కాదు. లైనక్సు కెర్నెలు మీదనే నడచు ఆండ్రాయిడ్ ఫోనులలో 2016 నాటి 7.0 వెర్షనుతో ఒక పద్ధతి ప్రవేశించినది. దానిని అవలంబించిన ఫోనులో వ్యవస్థకు 'ఏ', 'బీ' అని రెండు అరలుండును. ఒక అర నడచుచుండగా కొత్త వ్యవస్థను రెండవ అరలో నింపుదురు. కొత్త అర కొన్ని ప్రయత్నములలో చక్కగా లేవనిచో ఫోను తానుగా పాత అరకు మరలును. విద్యార్థుల చేతిలోని ఫోనులో ఉండదగిన వివేకము వారి ప్రయోగశాలలో లేకుండుట మనకు గౌరవము కాదు.

రెండు సందేహములు రావచ్చును. కెర్నెలును కంపైలు చేయుట సామాన్యునికి ఎందుకు, డిస్ట్రిబ్యూషను వారే ఇచ్చుచున్నారు గదా అని ఒకటి. నిజమే, నిత్యవ్యవహారమునకు అది అక్కరలేదు. ఫెడోరా వంటివి సాధారణముగా మూడు కెర్నెళ్లను నిలువయుంచి తిరుగుదారిని తామే చూచుకొనుచున్నవి. కాని రసాయనశాలలో సబ్బు చేయించునది సబ్బు కొరత తీర్చుటకు కాదు. యంత్రపు అంతర్భాగము మనుష్యులు వ్రాసినదే, మార్చదగినదే అని తెలిసికొనుటకు ఇది ప్రత్యక్షమార్గము. రెండవ సందేహము, వర్చువల్ యంత్రములో చేసినచో అపాయమే లేదు గదా అని. మెమరీ చాలినంత ఉన్న పాఠశాలలు అట్లే మొదలు పెట్టవలెనని నా సలహా కూడ. అయితే నిజమైన పరికరములు, నిజమైన డ్రైవర్లు, నిజమైన ప్రారంభ మెనూ అందులో పూర్తిగా అనుభవమునకు రావు. అందులోను తిరుగుదారిని అభ్యసింపవచ్చును, అభ్యసించి తీరవలెను.

కాబట్టి బోధకమిత్రులకు నా సూచన ఒక్కటే. ఈ ప్రయోగమునకు మార్కులు వేయునప్పుడు సగము మార్కులు కొత్త కెర్నెలు లేచినందుకు, సగము మార్కులు పాతదానికి మన యెదుట తిరిగి వచ్చినందుకు వేయుడు. వీలైనచో, నడవదని తెలిసిన ఒక కెర్నెలును మీరే నిలిపి, దానినుండి బయటపడుమని విద్యార్థికి అప్పగింపుడు. ఈ మార్పునకు కొత్త పరికరములు అక్కరలేదు, పాఠ్యప్రణాళిక మారనక్కరలేదు. నల్లని తెర కనబడినప్పుడు భయపడక, చేయి మీట మీదికి పోయిన విద్యార్థి కెర్నెలును నిజముగా నేర్చుకొన్నట్లు.

పర్లాకిమిడి చిన్న రైలు మరల రాదు. ఆ పట్టాలను ఎత్తివేసినవారికి వేరు మార్గము సులభముగా లేకుండెను. మన విద్యార్థికి అట్టి ఇబ్బంది లేదు. కొత్త దారి వేయుటకు మునుపు పాత దారికి ఒక పేరు పెట్టి, దానిని సంపూర్ణముగా నిలిపి, దానిమీద ఒకసారి నడచి చూచినచో చాలును. ఇంత చిన్న పనిని నేర్పక కంపైలు ఆజ్ఞలను మాత్రమే నేర్పినచో, మనము నేర్పినది సగము విద్యయే.